నెలలు నిండకుండా పుట్టిన బాబుకు బ్రాంకియోలైటిస్ వస్తే ఎంతవరకు భయపడాలి?

ప్రశ్న – ఖమ్మం అమ్మ

అందరికీ నమస్కారం. మా రెండవ బాబు 33 వారాలకే, 1,800 గ్రాముల బరువుతో పుట్టాడు. నవజాత శిశువుల విభాగంలో కొద్ది రోజులు ఆక్సిజన్ మీద ఉంచి, ట్యూబు ద్వారా నా పాలే పట్టించి, బరువు పెరిగాక ఇంటికి పంపారు. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది, పాలు బాగానే తాగుతున్నాడు. ఎకో పరీక్షలో గుండె పై గదుల మధ్య చిన్న రంధ్రం కనిపించిందని, అది దానంతట అదే మూసుకుపోతుందని, మందులేవీ అక్కర లేదని చెప్పారు.

ఈమధ్య మా ఆడపడుచు కూతురికి మామూలు జలుబుతో మొదలై మూడో రోజుకల్లా ఆయాసం ముదిరింది. ఆరు నెలల పాప, డొక్కలు ఎగరేస్తూ పాలు పూర్తిగా మానేసింది. బ్రాంకియోలైటిస్ అని చెప్పి ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు కోలుకుంటోంది. ఆ పాప నెలలు నిండి, మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ. ఏ లోపమూ లేని బిడ్డకే అంత తీవ్రంగా వస్తే మా వాడి సంగతి ఏమిటన్న దిగులు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మా పెద్దవాడు యూకేజీ చదువుతున్నాడు, వాడికి తరచుగా జలుబు చేస్తుంది. మా అత్తగారు బాబుకు నీళ్ళు పోసిన ప్రతిసారీ సాంబ్రాణి పొగ పట్టిస్తారు. మా వారు సిగరెట్టు ఇంట్లో తాగరు, మేడ మీదికి వెళ్ళి తాగి వస్తారు. వీటిలో నిజంగా ప్రమాదకరమైనవి ఏవి, నేను అనవసరంగా భయపడుతున్నవి ఏవి? జలుబు మొదలైతే ఏ దశలో ఆసుపత్రికి పరుగెత్తాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 – పిల్లల వైద్యుడు, వరంగల్

అమ్మా, మీ ఆడపడుచు గారి పాప విషయంలో జరిగింది అరుదైన సంగతి కాదు. బ్రాంకియోలైటిస్‌తో ఆసుపత్రిలో చేరే పిల్లల్లో ఎక్కువమంది నెలలు నిండి, ఆరోగ్యంగా పుట్టినవారే. నెలలు నిండని పిల్లలు సంఖ్యలో తక్కువ కనుక వార్డులో తక్కువగా కనిపిస్తారు, కాని వారిలో ఒక్కొక్కరికి జబ్బు ముదిరే అవకాశం మిగతావారి కంటే ఎక్కువ. ఈ రెండూ ఒకేసారి నిజమే. అందువల్ల ప్రమాద కారణాల పట్టికను బిడ్డ జాతకంలా చదవకూడదు. జలుబు మొదలైనప్పుడు ఈ బిడ్డను ఎంత దగ్గరగా గమనించాలి, ఎంత తొందరగా వైద్యుడికి చూపించాలి అన్నది నిర్ణయించుకోవడానికే దానిని వాడుకోవాలి.

బ్రాంకియోలైటిస్ అంటే రెండేళ్ళ లోపు పిల్లల్లో ఊపిరితిత్తుల చివరి సన్నని శ్వాసనాళికలకు వైరస్ వల్ల వచ్చే జబ్బు. ఎక్కువ కేసులకు కారణం ఆర్‌ఎస్‌వి అనే వైరస్. రైనో, మెటాన్యుమో, పారాఇన్‌ఫ్లుయెంజా వంటి వైరస్‌ల వల్ల కూడా వస్తుంది. రెండేళ్ళు నిండేసరికి దాదాపు ప్రతి బిడ్డకూ ఆర్‌ఎస్‌వి ఒక్కసారైనా సోకి ఉంటుంది, వారిలో అత్యధికులకు అది జలుబు, దగ్గుతోనే పోతుంది. కొందరిలో మాత్రం నాళికల లోపలి పొర వాచి, రాలిన కణాలు, జిగురు కలిసి దారిని పూడ్చివేస్తాయి. గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే గాలి ప్రవాహానికి అడ్డు 16 రెట్లు పెరుగుతుందన్నది భౌతికశాస్త్ర సూత్రం. పెద్దవారి నాళికలో ఒక చిన్న వాపు లెక్కలోకి రాదు, పసివాడి నాళికలో అదే వాపు ప్రాణం మీదికి తెస్తుంది. పైగా ఈ వయసు పిల్లలు ప్రధానంగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. పక్కటెముకలు ఇంకా మెత్తగా ఉంటాయి, ఊపిరి పీల్చడానికి తోడ్పడే డయాఫ్రమ్ అనే కండరం తొందరగా అలసిపోతుంది. కాబట్టి అన్నిటికంటే పెద్ద ప్రమాద కారణం వయసే, ముఖ్యంగా మొదటి 12 వారాలు.

ఇక నెలలు నిండకపోవడం గురించి. తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) బిడ్డకు చేరేది చాలా భాగం చివరి మూడు నెలల్లోనే, అందులోనూ ఆఖరి వారాల్లో ఎక్కువగా. మీ బాబు ఏడు వారాలు ముందుగా పుట్టాడు కనుక ఆ నిల్వలో కొంత కోల్పోయాడు. ఊపిరితిత్తుల ఎదుగుదల కూడా ఆ మేరకు వెనకబడి ఉంటుంది. 29 వారాలలోపు పుట్టినవారికి ముప్పు అన్నిటికంటే ఎక్కువ, 32 వారాలలోపు వారికి ఎక్కువ, 33 నుంచి 36 వారాల వారికి అంతకంటే తక్కువ, కాని నిండు నెలల పిల్లలతో సమానం కాదు. పుట్టవలసిన తేదీ నుంచి లెక్కిస్తే మీ వాడు సుమారు రెండు నెలల బిడ్డ. ఎంత జాగ్రత్త అవసరమో ఆ వయసును బట్టి ఆలోచించండి.

మీకు ఊరటనిచ్చే విషయాలు రెండున్నాయి. నెలలు నిండని పిల్లల్లో వైద్యులను ఎక్కువగా కలవరపెట్టేది దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, అంటే పుట్టిన తరువాత 28 రోజులు దాటినా ఆక్సిజన్ అవసరమైన పిల్లల పరిస్థితి. మీరు రాసినదాని ప్రకారం మీ బాబుకు అది లేదు. రెండవది, గుండె. వైరస్ సోకినప్పుడు ప్రమాదకరమయ్యేవి రక్తప్రసరణను నిజంగా దెబ్బతీసే లోపాలు. కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉంటే ఊపిరితిత్తుల్లోకి అవసరానికి మించిన రక్తం వచ్చి అవి ముందుగానే బరువెక్కి ఉంటాయి. అలాగే ఒళ్ళు నీలంగా మారే లోపాలు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగిన పిల్లలు, గుండె బలహీనతకు మందులు వాడుతున్న పిల్లలు. మందు అవసరం లేదని, మూసుకుపోతుందని చెప్పిన చిన్న రంధ్రం ఈ కోవలోకి రాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు గుండె లోపం లేకపోయినా ముప్పు ఎక్కువే. రోగనిరోధక శక్తి లోపించినవారు, కండరాల బలహీనత వల్ల కఫాన్ని దగ్గి బయటకు తేలేనివారు, బాగా చిక్కిపోయిన పిల్లలు కూడా ఇదే వరుసలోకి వస్తారు. మగపిల్లల్లో తీవ్రత కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది, కాని దాని గురించి ఎవరూ చేయగలిగింది లేదు.

మరో కారణం సాధారణంగా పట్టికల్లో కనిపించదు, కాని నా దృష్టిలో అది చిన్నది కాదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్ళలోపు పిల్లల్లో ఆర్‌ఎస్‌వి వల్ల లక్షకు పైగా మరణాలు సంభవించాయని, వాటిలో 97 శాతానికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాల్లోనేనని 2022లో లాన్సెట్ పత్రికలో అంచనా వెలువడింది. వైరస్ అన్ని దేశాల్లోనూ ఒక్కటే. ఆక్సిజన్‌కు, పసిపిల్లలను చూడగల వైద్యుడికి ఇల్లు ఎంత దూరంలో ఉందన్నది కూడా ప్రమాద కారణమే. రాత్రి రెండు గంటలకు బిడ్డకు ఆయాసం వస్తే ఎక్కడికి వెళ్ళాలి, అక్కడ పిల్లలకు ఆక్సిజన్ ఇచ్చే ఏర్పాటు ఉందా, 108 రావడానికి ఎంతసేపు పడుతుంది అన్నది జలుబు రాకముందే తెలుసుకుని పెట్టుకోండి.

ఎప్పుడు రావాలి అన్నారు. జబ్బు మొదటి రెండు మూడు రోజులు మామూలు జలుబులాగే ఉండి, మూడు నుంచి ఐదు రోజుల మధ్య ముదిరి, తరువాత తగ్గుముఖం పడుతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉండవచ్చు. కనుక రెండో రోజున చూపించుకుని ‘ఏమీ లేదు’ అనిపించుకున్న బిడ్డను కూడా నాలుగో రోజున మళ్ళీ చూడవలసి రావచ్చు. బాబు నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, గడియారం ముందు పెట్టుకుని నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించవద్దు, పసిపిల్లల ఊపిరి ఒకే లయలో ఉండదు. రెండు నెలల లోపు 60, ఆ తరువాత ఏడాది లోపు 50 లేదా అంతకు మించి ఉంటే వేగంగా ఉన్నట్టు. మీ బాబు విషయంలో 50 దాటితే అదే రోజు చూపించండి. పక్కటెముకల కింద గుంట పడటం, ముక్కుపుటాలు ఎగరడం, ఊపిరి వదిలేటప్పుడు మూలగడం, మామూలుగా తాగే పాలలో సగానికి తగ్గిపోవడం, 12 గంటలపాటు మూత్రం పోయకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. పెదవులు నీలం తిరగడం, లేపినా మత్తుగా ఉండటం, కొద్ది సెకన్లు ఊపిరి ఆగిపోవడం అయితే వెంటనే 108కు ఫోన్ చేయండి. నెలలు నిండని పిల్లల్లో ఊపిరి ఆగడమే తొలి లక్షణం కావచ్చు, దగ్గు, ఆయాసం పెద్దగా లేకుండానే.

ఈ జబ్బుకు వైరస్‌ను చంపే మందంటూ మామూలుగా వాడేది లేదు. ఆక్సిజన్, పాలు లేదా ద్రవాలు శరీరానికి అందేలా చూడటం, ముక్కు శుభ్రంగా ఉంచడం, అవసరమైతే హై ఫ్లో లేదా సీపాప్ అనే, ముక్కు ద్వారా గాలిని అందించే యంత్రాలతో ఊపిరికి సాయం చేయడం, ఇదే చికిత్స. సాల్‌బుటమాల్ నెబులైజేషన్ (శ్వాసనాళాలను వదులు చేసే మందును ఆవిరిగా పీల్పించడం), స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్ మామూలు బ్రాంకియోలైటిస్‌లో వాడవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే స్పష్టంగా చెప్పింది. ‘మందు పొగ పెట్టలేదు, సూది వేయలేదు, ఏం వైద్యం చేశారు’ అని బంధువులు అడుగుతారు. ఆక్సిజన్ స్థాయి నిలబడి, పాలు లోపలికి వెళుతుంటే వైద్యం సరిగానే జరుగుతోందని వారికి చెప్పండి.

సమాధానం 2 – నవజాత శిశు విభాగం నర్సు, గుంటూరు

డాక్టరు గారు వైద్యం గురించి చెప్పారు కనుక నేను ఇంటి సంగతులే రాస్తాను, ఎందుకంటే ముప్పును తగ్గించడానికి మన చేతిలో ఉన్నవన్నీ అక్కడే ఉన్నాయి.

అమ్మా, సాంబ్రాణి పొగ మానిపించండి. ఇది పెద్దల మనసు నొచ్చుకునే విషయమని నాకు బాగా తెలుసు. మా విభాగం నుంచి ఇంటికి వెళ్ళే ప్రతి తల్లికీ చెబుతాను, తలూపి వెళతారు, ఇంటికి వెళ్ళాక బాలింత గది తలుపులు మూసి నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బిడ్డ తల ఆరడానికని పొగ మీద బిడ్డను తిప్పుతారు. శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నని కేశాలు ఉంటాయి, ఏ పొగైనా వాటి పనిని మందగింపజేస్తుంది, లోపలి పొరను రేపుతుంది. సాంబ్రాణి పొగకు, కట్టెల పొయ్యి పొగకు, దోమల చక్రం పొగకు, అగరొత్తుల పొగకు బిడ్డ ఊపిరితిత్తులలో తేడా ఏమీ ఉండదు. మెత్తని నూలు గుడ్డతో తల అద్ది, వెచ్చగా చుట్టి, గుండెకు హత్తుకుంటే చాలు, జుట్టు ఆరిపోతుంది. ‘మానేయండి’ అని మీరు చెబితే అత్తగారు వినకపోవచ్చు. వచ్చే టీకా రోజున ఆవిడను వెంటబెట్టుకుని వెళ్ళి డాక్టరు గారి నోటితో చెప్పించండి. నీళ్ళు పోసే పని మాత్రం ఆవిడ చేతిలోనే ఉంచండి, ఆ చేతుల నేర్పు మనకు రాదు.

నీళ్ళు పోసేటప్పుడు ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం, ముక్కులోకి నోటితో ఊదడం కూడా ఉంటే ఆపించండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి వేరే రకం న్యుమోనియా తేవచ్చు. ముక్కు మూసుకుపోతే మందుల షాపులో దొరికే ఉప్పునీటి ముక్కు చుక్కలు పాలిచ్చే ముందు వేయండి. ముక్కు తెరుచుకుంటేనే బిడ్డ రొమ్మును పట్టగలడు, ఎందుకంటే పాలు తాగుతూ నోటితో గాలి పీల్చలేడు. జలుబు ఉన్నన్నాళ్ళు ఒకేసారి కడుపు నిండా కాకుండా కొద్దికొద్దిగా, తరచుగా పట్టండి.

సిగరెట్టు మేడ మీద తాగినా పొగలోని పదార్థాలు బట్టలకు, చేతులకు, ఊపిరికి అంటుకుని కిందికి వస్తాయి. మానేయడమే సరైన దారి. మానేదాకా కనీసం చొక్కా మార్చుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని బిడ్డను ఎత్తుకోమనండి. మీ పాలు ఆపకండి. మీకే జలుబు చేసినా మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలు ఇవ్వండి.

జలుబు సిరప్పుల విషయం కూడా ఒక మాట. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో సూచన ఇచ్చింది. పెద్దవాడి కోసం కొన్న సీసాలోనుంచి చిన్నవాడికి అర చెంచా పోయడం ఎన్నో ఇళ్ళలో చూస్తున్నాను, దయచేసి ఆ పని చేయవద్దు.

సమాధానం 3 – విశాఖ నుంచి ఒక తల్లి

చెల్లెమ్మా, మా పాపకు గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉండేది, ఆపరేషన్‌కు బరువు సరిపోక ఎదురుచూస్తున్న రోజుల్లో బ్రాంకియోలైటిస్ వచ్చింది. అప్పటికి ఐదో నెల. డాక్టరు గారు చెప్పిన రెండు రకాల రంధ్రాల తేడా ఎంత పెద్దదో మేము కళ్ళారా చూశాము కనుక రాస్తున్నాను.

మా పాప జలుబు లేని రోజుల్లోనే పాలు తాగుతుంటే నుదుటి మీద చెమట పట్టేది, రెండు నిమిషాలు తాగి అలసి నిద్రపోయేది, నెలకు పెరగవలసిన బరువు పెరిగేది కాదు. మీ బాబు ఏకబిగిన పాలు తాగి, నెలనెలా బరువు పెరుగుతుంటే మీ పరిస్థితి మాది కాదు, ఆ భయం మనసులోంచి తీసేయండి. వైరస్ సోకాక మా పాపకు ఆక్సిజన్ సరిపోక యంత్రం మీద పెట్టారు. బయటపడింది, తరువాత ఆపరేషన్ కూడా అయింది, ఇప్పుడు బడికి వెళుతోంది.

మేము మొదట తీసుకువెళ్ళిన చోట గుండె జబ్బు సంగతి మేము చెప్పేదాకా ఎవరూ అడగలేదు, పూటకోసారి నెబులైజేషన్ పెట్టి పంపేశారు. కాబట్టి మీరు ఏ ఆసుపత్రికి వెళ్ళినా, అక్కడ ఎంత రద్దీగా ఉన్నా, మొట్టమొదటి వాక్యంలోనే ‘33 వారాలకు పుట్టాడు, ఆక్సిజన్ మీద ఉన్నాడు, ఎకోలో చిన్న రంధ్రం ఉంది’ అని చెప్పండి. డిశ్చార్జి కాగితం, ఎకో రిపోర్టు ఒక కవరులో పెట్టి బాబు బట్టల సంచిలోనే ఉంచండి.

సమాధానం 4 – డాలస్ నుంచి ఒక తండ్రి

నమస్కారం. ఇక్కడ అమెరికాలో మా పాపకు పుట్టిన వారంలోనే ఆర్‌ఎస్‌వికి నిర్సెవిమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇది టీకా కాదు, తయారుచేసిన ప్రతిరక్షకం. తల్లి నుంచి రావలసిన రక్షణను నేరుగా బిడ్డ శరీరంలోకి ఎక్కించడం వంటిది. 2023 జూలైలో ఇక్కడ అనుమతి వచ్చింది. తల్లికి గర్భంలో 32 నుంచి 36 వారాల మధ్య ఆర్‌ఎస్‌వి టీకా వేయకపోతే, ఈ వైరస్ ఉధృతంగా ఉండే సీజనులో పుట్టిన లేదా 8 నెలల లోపు వయసుతో ఆ సీజనులోకి అడుగుపెట్టే ప్రతి బిడ్డకూ ఒక్క డోసు ఇస్తారు. ముప్పు ఎక్కువగా ఉన్న కొందరు పిల్లలకు రెండో సీజనులో కూడా ఇస్తారు. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీలలో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో ఆర్‌ఎస్‌వి వల్ల ఆసుపత్రి పాలవడం సుమారు 83 శాతం తగ్గింది.

1960లలో ఇక్కడ చేసిన మొదటి ఆర్‌ఎస్‌వి టీకా ప్రయోగం విషాదాంతమైంది. టీకా వేసిన పిల్లలకు తరువాత వైరస్ సోకినప్పుడు జబ్బు తగ్గకపోగా ముదిరింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ తరువాత ఇంతకాలం ఎందుకు పట్టిందో దీన్ని బట్టి అర్థమవుతుంది. నెలనెలా ఇవ్వవలసిన పాలివిజుమాబ్ అనే మరో ప్రతిరక్షకం 1998లోనే వచ్చినా, అది అధిక ముప్పు ఉన్న పిల్లలకే పరిమితమైంది. మన దగ్గర మీ బాబుకు ఇటువంటిది ఇప్పించే వీలుందా అన్నది మీ పిల్లల డాక్టరునే అడగడం మంచిది.

మావంటివారు డిసెంబరు సెలవుల్లో వచ్చి, విమానం దిగిన మర్నాడే పిల్లలతో సహా పసిబిడ్డను చూడటానికి వస్తారు. మొహమాటపడకుండా, జలుబు ఉన్నవారిని వారం తరువాత రమ్మనండి.

ప్రశ్న అడిగినవారి స్పందన – ఖమ్మం అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కాగితాలు కవరులో పెట్టాను. మా వారు ఈ జవాబులన్నీ తానే చదివారు. డాక్టరు గారూ, ఇంకో రెండు సందేహాలు: పెద్దవాడిని కొన్నాళ్ళు బడి మాన్పించాలా? నెలలు నిండలేదు కనుక టీకాలు ఆలస్యంగా వేయించాలని పక్కింటివారు అంటున్నారు, అది నిజమేనా?

సమాధానం 5 – పిల్లల వైద్యుడు, వరంగల్

అమ్మా, ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలు ఉండటం గుర్తింపు పొందిన ప్రమాద కారణమే. కెన్యాలోని కిలిఫీ ప్రాంతంలో ఇళ్ళకు వెళ్ళి కుటుంబంలో అందరి ముక్కు నమూనాలను తరచుగా పరీక్షించిన పరిశీలనలో, పసిబిడ్డకు ఆర్‌ఎస్‌వి ఇంట్లోవారి నుంచే సోకిన సందర్భాల్లో ఎక్కువగా దానిని ముందుగా తెచ్చింది పెద్ద పిల్లలేనని తేలింది. అయినా నెలల తరబడి బడి మాన్పించమని నేను చెప్పను. మన ప్రాంతంలో వానలు ముదిరినప్పటి నుంచి చలికాలం వరకు ఈ వైరస్ ఉధృతి ఉంటుంది, అంతకాలం ఒక పిల్లవాడిని ఇంట్లో కట్టిపడేయడం కుదరదు. బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు, ముఖం కడిగి, యూనిఫాం మార్పించండి. వాడికి జలుబు చేసినప్పుడు మాత్రం వేరే గదిలో, తాతయ్య దగ్గరో నాన్న దగ్గరో పడుకోబెట్టండి. తమ్ముడిని ముద్దాడాలని ఉంటే ముఖం మీద కాకుండా పాదాల మీద పెట్టమనండి. ఈ వైరస్ గట్టి ఉపరితలాల మీద కొన్ని గంటలపాటు బతికి ఉంటుంది కనుక ఇద్దరూ పట్టుకునే బొమ్మలను కూడా కడగండి.

టీకాలను పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి, నెలలు నిండలేదని వాయిదా వేయకూడదు. న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియా నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకా మన ప్రభుత్వ పట్టికలోనే ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు ఉంది. 14 వారాల డోసు పడిందో లేదో కార్డు చూసుకోండి. ఆరు నెలలు నిండాక ఫ్లూ టీకా మొదటిసారి కనుక నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు వేయించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా అప్పుడే వేయించుకుంటే బిడ్డకు ఇంకా మంచిది. ఇవి ఆర్‌ఎస్‌విని ఆపవు, కాని దానితో పాటు మరొక జబ్బు వచ్చి కూర్చోకుండా కాపాడతాయి.